నాలుగు నిమిషాలు ఆగమనే మనిషి

మొన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరినావిడ ఒకరు సిరంజి చేత్తో పట్టుకుని నా వంక విసుగ్గా చూసింది. "కలపడం అయిపోయింది కదా, ఇంకా నాలుగు నిమిషాలు ఊరికే నిలబడాలని రాసుందేంటి ఇక్కడ? ఎవరు పెట్టారీ రూలు?" అని ఇంగ్లీషులో అడిగింది. ఏదో సర్దిచెప్పి పంపించాను గానీ, ఆ తర్వాత బాత్రూమ్‌లోకెళ్ళి మొహం కడుక్కోవాల్సి వచ్చింది. ఆ రూలు పెట్టించినాయన పోయి అప్పటికి పదహారు రోజులు.

ఆయన పేరు రాయను. పేపర్లలో పేరు చూసుకోవడమంటే ఆయనకు చిరాకు. మా ప్లెయిన్స్‌బరో అపార్టుమెంట్లలో పిల్లలందరూ ఆయన్ని సిమెంట్ అంకుల్ అనేవాళ్ళు. పెద్దవాళ్ళమూ వెనకాల అదే అనేవాళ్ళం. పల్నాడులో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టుగా మొదలై, ఈ దేశానికొచ్చి రోడ్ల సిమెంటు దాటి, చివరికి ఎముకల సిమెంటు దగ్గర కుదురుకున్నారు. ఆ మధ్యలో ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు, ఎప్పుడూ అడగలేదు కూడా.

మేం చేసేది ఎముకల్లోకి ఎక్కించే పేస్టు. ఎముక విరిగినప్పుడు ఒక్కోసారి లోపల నలిగిపోయి గుల్లపడుతుంది. ఆ గుల్లను నింపాలి. పొడి ఒక డబ్బాలో, ద్రవం ఒక డబ్బాలో ఉంటాయి. ఆపరేషన్ థియేటర్లో రెండూ కలిపితే టూత్‌పేస్టులా అవుతుంది. లావుపాటి సూదితో లోపలికి నెడితే ఒంటివేడికి కాసేపట్లో గట్టిపడుతుంది. పెద్ద కోత ఉండదు, తుంటి దగ్గర్నుంచి ఎముక గీకి తెచ్చి పెట్టే బాధ ఉండదు. చెప్పుకోవడానికి ఇంతే. ఆయన మాత్రం పాతికేళ్ళు దాని వెంటే తిరిగారు.

సిమెంటు మనిషి కాబట్టి ఆయనకు లోకంలో రెండే స్థితులు. ఒకటి పచ్చిగా ఉండటం, రెండోది పట్టేయడం. ఏది కనిపించినా బొటనవేలి గోరుతో నొక్కి చూసేవారు. మా అబ్బాయి మూడో పుట్టినరోజుకి కేకు కోయకముందే దాని అంచు మీద గోరు దించి, "ఇంకా పచ్చిగానే ఉంది" అన్నారు. గుడి ముందు కొత్తగా పోసిన కాలిబాట మీద ఆయన గోటి గుర్తు ఇప్పటికీ ఉంది. ఆంటీ, అంటే ఆయన భార్య, ఆ రోజు అందరి ముందూ గట్టిగా కసిరారు. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు గానీ, మొహంలో పశ్చాత్తాపం ఏమీ లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళ గురించి అడిగినా ఆయన జవాబు అదే, "పచ్చిగా ఉన్నాడు, చూద్దాం." నేను చేరినప్పుడు కూడా అన్నారని తర్వాత తెలిసింది. ఎప్పటికి పట్టానో ఎవరూ చెప్పలేదు.

మొదటి రెండేళ్ళు నాకు డ్రైవింగ్ రాదు. ఆయనే కార్లో తీసుకెళ్ళేవారు. పొద్దున ఏడూ పదికి మా బ్లాకు ముందు హారన్ కొట్టకుండా ఆగేవారు. ఏడూ పన్నెండుకి నేను రాకపోతే ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇవాళ లీవా?" అని అమాయకంగా అడిగేవారు. రూట్ వన్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడే ఆయన నోరు తెరిచేది. వాళ్ళ తాత తాపీ మేస్త్రీ అనీ, గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి కలిపేవాడనీ, ఎందుకు పోస్తున్నావని అడిగితే "గోడ అడిగింది" అనేవాడనీ చెప్పేవారు. ఎక్కడ మొదలుపెట్టినా మాటలు చివరికి ఆయన పేస్టుల దగ్గరికే వచ్చేవి.

"మొదటిది రక్తం తగిలితే కరిగిపోయిందమ్మా. రెండోది గట్టిపడేటప్పుడు వేడెక్కింది, లోపల కాలుతుంది కదా, ఆపేశారు. మూడోది బంగారంలాంటిది. అదేం పాపం చేసిందో, కంపెనీయే అమ్ముడుపోయింది. ఇది నాలుగో కాన్పు."

"ఇది దక్కుతుందంటారా అంకుల్?"

"ఒక్కటంటే ఒక్కసారి, ఒక్క మనిషి ఎముకలోకి మన పేస్టు వెళ్ళాలి. అది చూసి నేను ఇంటికెళ్ళిపోతా. మీ ఆంటీ షికాగో దగ్గర అరోరాలో అమ్మాయి ఇంటి పక్కవీధిలో ఇల్లు కూడా కొనేసింది. నా కోసమే ఆగి ఉంది."

ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెద్ద జీతాల మీద, పేటెంట్ల మీద ఆయనకు మోజు ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఈ ఒక్క కోరిక మాత్రం దాచుకోలేదు.

ఇక ఆయన డ్రామా సంగతి. పేస్టు కలిపి సిరంజిలో నింపాక ఎవరైనా ఏం చేస్తారు? నొక్కి చూస్తారు. ఆయన నొక్కేవారు కాదు. సిరంజి పైకెత్తి పట్టుకుని, మమ్మల్ని కూడా నిలబెట్టేసేవారు.

"ఆగండి. నర్సు గ్లవ్ చిరిగింది, మార్చుకుంటోంది."

ఒక నిమిషం గడిచేది.

"డాక్టరుగారు ఎక్స్‌రే అడిగారు. మెషీను అటు తిరిగుంది, ఇటు తిప్పుతున్నారు."

ఇంకో నిమిషం.

"ఇప్పుడెవరో జోకేశారు. నవ్వుతున్నారు. నవ్వనివ్వండి."

ఆ తర్వాతెప్పుడో సిరంజి ఎవరో ఒకరి చేతికిచ్చి నొక్కమనేవారు. మేం పక్కకి తిరిగి నవ్వుకునేవాళ్ళం. పరీక్షా పద్ధతి రాసిన కాగితంలో ఈ ఆగడం గురించి ఒక్క ముక్క లేదు. ముసలాయన సరదా అనుకున్నాం.

ఆ నాలుగో పేస్టు ఆసుపత్రికి వెళ్ళాల్సిన ఏడాదే ఆయనకు కంట్లో శుక్లం తీశారు. మూడు వారాలు సెలవు. పేస్టు సూదిలోంచి సాఫీగా వస్తుందో లేదో చూసే చివరి పరీక్ష ఆ సమయంలో నా మెడకు చుట్టుకుంది. చుట్టుకుందని ఇప్పుడంటున్నాను గానీ అప్పుడు ఎగిరి గంతేశాను. నా గ్రీన్ కార్డు ఫైలు ఈ ప్రాజెక్టు పేరు మీదే నడుస్తోంది. అరవై సిరంజిలు, కాగితంలో ఎలా ఉందో అచ్చం అలా కలిపాను, కలిపిన మరుక్షణం మెషీనుకి బిగించి నొక్కించాను. ఒక్కటి కూడా ఆగలేదు. రిపోర్టు పంపిన గంటకి డైరెక్టర్ స్వయంగా నా టేబుల్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. సర్జన్లతో ప్రాక్టీసుకి తేదీ పెట్టేశారు. అది అవగానే అంకుల్ సంతకం, ఆ తర్వాత ఆసుపత్రికి మొదటి పెట్టె.

అంకుల్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చారు. నా రిపోర్టు కాగితాలు మొహానికి దగ్గరగా పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదివారు. మధ్యలో ఒకసారి ఆగి కంట్లో చుక్కలు వేసుకున్నారు.

"బాగా చేశావమ్మా. కలిపాక ఎంతసేపు ఆగావు?"

"ఆగలేదు అంకుల్. ప్రొటోకాల్‌లో లేదు కదా."

ఆయన లేచి వెళ్ళి ఒక పేస్టు కలిపారు. సిరంజి ఎత్తి పట్టుకున్నారు. ఆ రోజు నర్సూ జోకులూ ఏమీ చెప్పలేదు, గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా చేతికిచ్చారు. నొక్కాను. సూది చివర్న రెండు చుక్కలు నీళ్ళలాంటివి వచ్చాయి. ఇంకాస్త గట్టిగా నొక్కితే ఇంకో చుక్క వచ్చింది. ఆ తర్వాత రెండు బొటనవేళ్ళు పెట్టి ఒళ్ళంతా బిగబట్టినా కదల్లేదు. నీళ్ళు ముందు పారిపోయి, పొడి సూది మెడ దగ్గర మట్టిగడ్డలా బిగుసుకుపోయింది.

నాకు కోపమొస్తే హనుమకొండ భాష తన్నుకొస్తుంది. "పేపర్ మీద పాసయింది గదా అంకుల్. ఇంకేం గావాలె మీకు? కలపంగనే వాడాలని లీఫ్‌లెట్‌ల రాస్తే అయిపోదా?"

"రాద్దాం. రాయొద్దని నేననట్లా. ప్రాక్టీసుకి నువ్వు గూడా రా. ఏం మాట్లాడబాక. వాచీ పెట్టుకొచ్చి టైమ్ రాసుకో, అంతే."

ఆ ప్రాక్టీసు ఫిలడెల్ఫియా దగ్గర ఒక శిక్షణాకేంద్రంలో జరిగింది. చనిపోయాక శరీరాలిచ్చినవాళ్ళ చేతులు అక్కడి బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు కప్పి ఉంచారు. నేను మా పెద్దాయన వైపు చూశాను. బల్ల అంచు కిందుగా, ఎవరికీ కనపడకుండా, ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాయి. అరనిమిషం అలా ఉండి, తర్వాత మామూలుగా గ్లవ్స్ తొడుక్కున్నారు. ఆయనకు దేవుడి మీద ఎంత నమ్మకముందో నాకు తెలియదు, గుళ్ళో ఎప్పుడూ ప్రసాదం దగ్గరే కనిపించేవారు. ఆ దండం మాత్రం నేను చూశాను.

సర్జన్ నెరిసిన జుట్టు ఉన్న పొడుగాటావిడ, చకచకా పనిచేసే మనిషి. మణికట్టు ఎముకలో గుల్ల చేసి పెట్టారు, అందులోకి పేస్టు ఎక్కించాలి. సహాయకుడు కలిపాడు, సిరంజి ఆవిడ చేతికొచ్చింది, నేను వాచీ చూశాను. సూది ఎక్కడుందో ఎక్స్‌రేలో చూడాలంది. మెషీను జరిపారు. బొమ్మ అడ్డంగా వచ్చింది. చెయ్యి తిప్పి మళ్ళీ తీశారు. మెషీను మీద కప్పిన ప్లాస్టిక్ కవరు జారింది, కొత్తది వెతికారు. ఆవిడకు విసుగొచ్చి నిజంగానే ఏదో జోకు వేసింది, అందరూ నవ్వారు. ఆవిడ నొక్కేటప్పటికి నా వాచీలో నాలుగు నిమిషాల మీద పది సెకన్లు. నీటిచుక్క ఒకటి వచ్చి ఆగిపోయింది.

ఆవిడ భుజాలెగరేసి ఇంకోటి కలపమంది. రెండోది వెంటనే నొక్కింది, చక్కగా వెళ్ళింది. డైరెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. "వాడేవాళ్ళ పొరపాటు. ట్రైనింగ్‌లో చెప్దాం" అన్నాడు. ఆ మాటకు అక్కడ చాలామంది తలూపారు. నేనూ ఊపానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సంతకం పెట్టాల్సిన కాగితం అంకుల్ ముందుకొచ్చింది. ఆయన పెన్ను తీశారు, క్యాప్ మూశారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"నేను సైన్ చేయను" అన్నారు ఇంగ్లీషులో, మెల్లగా. "ఆవిడకి రెండో సిరంజి ఉంది. లోపల సగం నింపాక ఆగిపోతే పేషెంటుకి రెండో చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాం?"

అరగంటసేపు వాదనలు జరిగాయి. ఏడాదికి పైగా ఆలస్యమవుతుందన్నారు, డబ్బులిచ్చేవాళ్ళు వెనక్కి పోతారన్నారు. ఆయన అన్నీ విని, అన్నింటికీ అవునన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఇరవై మైళ్ళు దాటాక ఉండబట్టలేక అడిగాను.

"వచ్చే ఏప్రిల్‌లో మీరు రిటైరవుతున్నారు అంకుల్. మీరుండగా ఇది మనిషిలోకి పోదు. అర్థమవుతుందా మీకు?"

"తెలుసమ్మా."

"పాతికేండ్లు చేసిండ్రు."

"చేశాను. ఇరుక్కుపోయే పేస్టుకి మొదటి సంతకం నాదై ఉండటం కంటే, నేను లేకుండా సరైనది వెళ్ళడం నయం కదా." లేన్ మారి, "నాకూ బాధగానే ఉందమ్మా. ఏడవమంటావా ఏంటి, డ్రైవింగ్ చేస్తూ?" అన్నారు.

ఆయన గొంతు అలా వినడం అదే మొదటిసారి. అంతసేపూ ఆయన మీద ఉన్న కోపం నా మీదికి తిరిగింది.

ఆ తర్వాతి ఏడు నెలలూ ఆయనలా పనిచేసినవాళ్ళని నేనెవర్నీ చూడలేదు. నీళ్ళు పారిపోకుండా పొడిని పట్టి ఉంచేదేదో కావాలి. ఒకరోజు కంట్లో చుక్కలు వేసుకుంటూ ఆ సీసా మీది చిన్న అక్షరాలు చదివి, "ఇందులో జిగురుంది చూశావా, కంట్లో వేసినా ఏం కాలేదు" అన్నారు. ఆ జిగురు మాకు కొత్తదేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కానీ మా పొడితో దాన్ని ఎంత కలపాలో తేల్చడానికే నాలుగు నెలలు పట్టింది. జిగురు ఎక్కువైతే గట్టిపడదు, తక్కువైతే నీళ్ళు ఆగవు. గట్టిపడటం కాస్త ఆలస్యం కావడానికి నిమ్మ ఉప్పు జాతిదే ఒక లవణం చిటికెడు వేశాం. అది కుదిరిన రోజు, "మా తాత కరక్కాయ ఇదేనమ్మా" అని ఆయన తనలో తనే నవ్వుకున్నారు. ఏప్రిల్ వచ్చేటప్పటికి పేస్టు నాలుగు నిమిషాలాగినా కదిలేది, ఎనిమిదిసార్లలో ఒకసారి మొండికేసేది. ఆ ఒక్కటి కూడా పోవాలి. వెళ్ళేరోజు కంప్యూటర్ దగ్గర నా పక్కన కూర్చుని, పరీక్షా పద్ధతిలో కొత్త లైను నాచేత రాయించారు. కలిపిన తర్వాత నాలుగు నిమిషాలు ఆగవలెను. నేను కింద ఆయన పేరు పెట్టబోతే వద్దన్నారు. మర్నాడే ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ అరోరా వెళ్ళిపోయారు.

మిగిలిన ఆ మొండితనం కూడా మేం వదిలించి, పరీక్షలన్నీ దాటాం. మొదటి మనిషి ఆ తర్వాతి చలికాలంలో వచ్చింది. మంచు మీద జారి, అరచెయ్యి ఆనించి పడ్డ ఒక పెద్దావిడ, మణికట్టు లోపల గుల్లైపోయింది. నేను థియేటర్లో ఒక మూల నిలబడ్డాను. ఆవిడ మొహం నాకు కనపడలేదు, పేరు తెలియదు, తెలియకూడదు కూడా. సర్జన్ సిరంజి పట్టుకుని ఎక్స్‌రే కోసం ఆగింది. నా కళ్ళు వాచీ మీదే ఉన్నాయి. ఆవిడ నొక్కింది. తెల్లటి పేస్టు తెరమీద నెమ్మదిగా గుల్లలోకి పాకింది, చివరి బొట్టు దాకా వెళ్ళింది.

పార్కింగ్ లాట్‌లోకొచ్చి ఆయనకు ఫోన్ చేశాను. చెప్పాను.

"అంకుల్?"

"ఉన్నానమ్మా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావేమో, ఏమన్నా తిన్నావా?"

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. లేదన్నాను.

"తిను ముందు. ఇది సగమే. లోపలికి వెళ్ళడం సగం, బయటికి పోవడం సగం."

అది నిజమే, ఆ సంతోషంలో నేను మర్చిపోయాను. మా పేస్టు అక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి కాదు. ఎముక దాన్ని కొంచెం కొంచెంగా తినేసి, ఆ చోట తన సొంత ఎముక పోసుకోవాలి. అలా జరగకపోతే అది ఒంట్లో దాచిన రాయి. జరిగిందో లేదో తెలియడానికి ఏడాదికి పైనే పడుతుంది.

పోయిన అక్టోబరులో షికాగోకి పనిమీద వెళ్ళి, అక్కణ్ణుంచి అరోరాకి టాక్సీ తీసుకున్నాను. ఆయనకు బాగోలేదని అప్పటికే తెలుసు. తలుపు తీసిన వాళ్ళమ్మాయి, "నాన్న మార్నింగ్ నుంచి వెయిటింగ్ మీ కోసం, నిద్ర కూడా పోలేదు" అంది. మంచం ఎత్తు చేసి కూర్చోబెట్టారు. సగానికి సగమైపోయారు. పలకరింపులు అక్కర్లేదన్నట్టు చెయ్యి చాపారు.

పేరూ ఊరూ తీసేసిన ఆ పెద్దావిడ ఎక్స్‌రేలు రెండు నా ట్యాబ్‌లో ఉన్నాయి. ఆయన కాగితాల మీద ఇంకా మాకు సలహాదారే కాబట్టి, అడిగి అనుమతి తెచ్చుకున్నాను. మొదటిది ఆపరేషన్ రోజుది. మణికట్టులో తెల్లటి ముద్ద, పిల్లలు సుద్దతో దిద్దినట్టు. ఆయన తలూపారు. రెండోది ఏడాదిన్నర తర్వాతది. ఎముక కదలకుండా పట్టుకోవడానికి పెట్టిన సన్నటి పిన్నులు ఎప్పుడో తీసేశారు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఎక్కడ పెట్టామమ్మా? చూపించు."

నేను వంగి చూశాను. ఆ బొమ్మను వందసార్లు చూసినదాన్నే. అయినా ఫలానా చోటని వేలు పెట్టి చెప్పలేకపోయాను.

"తెలియట్లేదు అంకుల్."

ఆయన మొహం వెలిగిపోయింది. వంటింటి వైపు తిరిగి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని ఆంటీని పిలిచారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ట్యాబ్ దూరంగా పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఏముందండీ ఇందులో? మామూలు చెయ్యేగా."

"ఇంకోసారి చెప్పు" అన్నారాయన.